రానూ పోనూ

జూన్ 3, సోమవారం

ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం అనకూడదేమో, శిక్షణ. "వానలు తగ్గేదాకా నేర్చుకో, అప్పుడు చూద్దాం" అన్నారు మేడమ్.

ట్రావెల్ ఏజెన్సీ అంటే ఏదో హంగామా ఊహించుకున్నాను. మందుల షాపుకీ కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక గది. మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు, గోడ నిండా ప్రపంచ పటం. సముద్రంలో ఒకచోట టీ మరక పడి ఇంకో దీవిలా తయారైంది. ఏసీ ఉంది కానీ మేడమ్ మోకాలికి చల్లగాలి పడదని వేయరు.

అక్క వాళ్ళింటికి వచ్చింది వారం రోజులకని. ఆయన కోపం తగ్గేదాకా. చూస్తూండగానే వేసవి అయిపోయింది. ఈ పని కూడా అంతే, ఆయన పిలిచేదాకా కాలక్షేపం. అక్కకి అలాగే చెప్పాను.

అక్క "ఊఁ" అంది. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు.

జూన్ 4

తల బొప్పి కట్టింది. ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల గుర్తు. కొన్నిచోట్ల ఆ అక్షరాలకీ ఊరి పేరుకీ సంబంధమే లేదు. ఎందుకలా అంటే, "ఎందుకని అడక్కండి, గుర్తుపెట్టుకోండి" అంది నాకు పని నేర్పే అమ్మాయి. పెళ్ళైన కొత్తలో ఆయన అలవాట్ల గురించి అత్తగారు కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు.

అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. పొద్దున నన్ను "ఆంటీ" అంది. మేడమ్ తల తిప్పకుండానే "ఆఫీసులో ఆంటీలు లేరు" అన్నారు. అయితే నేను కూడా తనని పేరు పెట్టి పిలవద్దని, "నన్ను సీనియర్ అనండి చాలు" అంది ఆ పిల్ల. నవ్వుతూనే అంది కానీ నిజంగానే అలా పిలిపించుకుంటోంది.

జూన్ 6

సీనియర్ అన్నం తింటూ అడిగింది, "మీ సార్ ఏం చేస్తారు?" అని.

"మాట్లాడరు" అన్నాను. నోరు జారింది. ఏ ఆఫీసో చెప్పాల్సింది.

"అయ్యో, మూగవారా?" అంది పాపం.

అవుననలేదు, కాదనలేదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో బీరువాని కిటికీ పక్కకి జరిపించాను, ఆయన్ని అడక్కుండా. అప్పటినుంచి మాట లేదు. ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. అందరూ అదే అంటారు, నీ మొగుడు నోరెత్తడు, అదృష్టవంతురాలివి అని. బీరువా మళ్ళీ పాత చోటికే జరిపించాను. అయినా అంతే. చివరికి అక్క దగ్గరికి వెళ్తానని బ్యాగు సర్దుకుంటే ఒక్కమాట అన్నారు. "వెళ్ళు."

కోపంలో ఎవరైనా అంటారు.

జూన్ 11

ఈరోజు ఉత్తుత్తి టికెట్లు చేయడం నేర్పారు. డబ్బు కట్టకుండా చివరిదాకా వెళ్ళి మూసేయాలి. ఇద్దరు ప్రయాణికుల పేర్లు కావాలంది సీనియర్. ఎవరి పేర్లు వేయను? ఆయన పేరు, నా పేరు వేశాను. కిటికీ పక్క సీటు ఆయనకి. అలవాటు.

"మీరెందుకు మధ్యలో కూర్చున్నారు? విమానం ఖాళీగా ఉందిగా" అంది సీనియర్ తెర మీద చూసి.

అదీ నిజమే.

జూన్ 18

ఫోన్ రాలేదు. ఊరికే రాస్తున్నాను.

జూన్ 20

బస్సులో నిలబడీ నిలబడీ కాళ్ళు లాగేస్తున్నాయి. అక్క కూతురి గదిలో కింద పరుపు వేసుకుని పడుకుంటున్నాను. దానికి పరీక్షలు. "పిన్నీ, నువ్వు నిద్రలో విమానాల గుర్తులు చదువుతున్నావు" అంది. బావ ఏమీ అనరు. నేను హాల్లోకి రాగానే టీవీ ఛానల్ మార్చి "నువ్వు చూడమ్మా" అని లేచి వెళ్ళిపోతారు. మర్యాదే. కానీ ఆయన ఇంట్లో ఆయన లేచి వెళ్ళడం చూస్తుంటే ముఖం చెల్లడం లేదు. అందుకని నేనూ హాల్లోకి వెళ్ళడం మానేశాను.

జూన్ 27, గురువారం

రాయాలని లేదు. రాయకపోతే లోపలే తిరుగుతుంది.

పోయిన వారం ఒక పెద్దమనిషికి టికెట్ చేశాను. సీనియర్ పక్కన లేకుండా నా అంతట నేను చేసిన మొదటిది. ఆయన తమ్ముడికి ఆపరేషన్. అది జరిగే లోపే వెళ్ళి ఒకసారి మాట్లాడాలని ఆయన ఆత్రం. విమానం ఇరవై ఆరో తారీఖు, అర్ధరాత్రి దాటిన కాసేపటికి. అంటే ఇరవై ఐదు రాత్రే భోంచేసి బయల్దేరాలి. నేను ఇరవై ఆరు రాత్రికి వెళ్ళమన్నాను. నవ్వుతూ చెప్పాను కూడా, జాగ్రత్తగా వెళ్ళిరండి అని.

ఆయన ఇరవై ఆరు రాత్రి వెళ్ళారు. విమానం అంతకు ముందు రాత్రే వెళ్ళిపోయింది.

పొద్దున మేం షట్టర్ తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు, పక్కన పెట్టె. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. టికెట్ కాగితం నా ముందు పెట్టి, "ఇందులో సరిగ్గానే ఉందమ్మా. నేను చదవలేదు. మీరు చెప్పింది విన్నాను" అన్నారు.

కాగితం మీద ఆ తారీఖునే మళ్ళీ మళ్ళీ చదివాను.

మేడమ్ అప్పటికప్పుడు నాలుగు చోట్లకి ఫోన్ చేసి మధ్యాహ్నం విమానంలో సీటు పట్టారు. అందులో వెళ్ళినా ఆపరేషన్ మొదలయ్యే వేళకి చేరుకోలేరని అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. "పర్లేదు, బయటికి తెచ్చాక చూస్తాను" అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు. ఆటో ఎక్కించి వచ్చాను. పెట్టె నేనే మోశాను. ఇంకేం చేయగలను.

సాయంత్రం మేడమ్ పిలిచారు. ఇక రావద్దంటారని బ్యాగు సర్దుకునే వెళ్ళాను.

"రేపట్నుంచి ఎవరికైనా రెండు రకాలుగా చెప్పు. తారీఖు ఒకటి. ఏ రోజు భోంచేసి బయల్దేరాలో ఇంకొకటి. మనుషులకి తారీఖులు గుర్తుండవు, భోజనాలు గుర్తుంటాయి."

అంతే అన్నారు. కాసేపు నిలబడ్డాను, ఇంకేమైనా అంటారని.

"ఏమ్మా, ఇంకా ఉన్నావేం?"

"మీరు నాతో మాట్లాడతారా రేపు?" అని అడిగాను. ఎందుకలా అడిగానో నాకే తెలియదు.

మేడమ్ కళ్ళజోడు తీసి చూశారు. "మాట్లాడకపోతే పనెలా జరుగుతుంది?" అన్నారు.

జూన్ 29

పెద్దమనిషి ఫోన్ చేశారు. తమ్ముడు బాగానే ఉన్నాడట, కళ్ళు తెరిచి గుర్తుపట్టాడట. వెనక గదిలోకి వెళ్ళి, పాత బ్రోచర్ల కట్టల మీద కూర్చుని ఏడ్చాను. సీనియర్ వచ్చి, తలుపు దగ్గరే నీళ్ళ సీసా పెట్టి వెళ్ళిపోయింది.

జులై 8

ఫోన్ రాలేదు. ఆయనకి అక్క వాళ్ళ నంబరు తెలుసు. నా నంబరు మారలేదు. పనిలో ఉండి ఉంటారు.

జులై 15, సోమవారం

అత్తగారు వచ్చారు. ఆఫీసుకి.

"ఎవరమ్మా ఇక్కడ టికెట్లు చేసేది?" అన్న గొంతు వినగానే, తలెత్తకముందే లేచి నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

"కూర్చో. నువ్వు కూర్చుంటేనే కదా నా పని జరిగేది" అన్నారు ఆవిడ, ఎదుటి కుర్చీ లాక్కుని.

ఆయనే పంపారనుకున్నాను. సీనియర్ తెచ్చిన మంచినీళ్ళు అత్తయ్య పూర్తిగా తాగేదాకా ఆగి, "ఆయనెలా ఉన్నారు అత్తయ్యా?" అన్నాను.

"ఉన్నాడు. నీతో మానేసిన మాటలు ఇప్పుడు నాతో మానేశాడు. కన్నతల్లినని మినహాయింపేం లేదు."

"ఎందుకు?"

"ఎందుకో చెబితే గొడవే లేదుగా. టీవీ సౌండు తగ్గించినందుకని నా అనుమానం. నెల దాటింది. వంట చేస్తాను, తింటాడు. పళ్ళెం పెట్టి లేస్తాడు. నా గొంతు నేనే విని ఎన్నాళ్ళయిందో. మొన్న కూరలబ్బాయి దగ్గర అరగంట నిలబడ్డాను, పాపం అతను పారిపోయేదాకా."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నువ్వున్నన్నాళ్ళూ వాడి సంగతి నాకు తెలియలేదు. మాట్లాడటానికి నువ్వున్నావు కదా నాకు. నీకెవరున్నారో నేను చూసుకోలేదు. సర్దుకో, సర్దుకో అన్నాను."

కీబోర్డు మీద దుమ్ము తుడిచాను.

అత్తయ్య చెల్లెలి దగ్గరికి వెళ్తారట. చెల్లెలు సముద్రం పక్క ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. "బస్సులో నడుం పట్టేస్తుంది, విమానమే చెయ్యి. మా చెల్లెలు విమానం చప్పుడు విని బయటికొచ్చి చూడాలి" అన్నారు.

గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నాను. ఇన్నేళ్ళూ అత్తయ్యా అనే పిలిచాను. కార్డు మీద ఉన్న పేరు ఒక్కో అక్షరం కొడుతుంటే ఎవరో కొత్తావిడకి టికెట్ చేస్తున్నట్టుంది.

"తిరిగి ఎప్పుడు అత్తయ్యా?"

"అది నేనడగలేదే."

"రానూ పోనూ కలిపి చేస్తే మంచిది. ఆగస్టు పది వేయనా?" అంటూనే తారీఖు నొక్కేశాను.

నిజానికి ఆ దారిలో రానూ పోనూ కలిపి చేస్తే ఒరిగేదేం లేదు. నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. ఆవిడ నా చేతి వంక కాసేపు చూసి, "నీ ఇష్టం" అన్నారు.

టికెట్ చేతికిచ్చి రెండు రకాలుగానూ చెప్పాను. ఇరవై రెండో తారీఖు, సోమవారం పొద్దున టిఫిన్ తిని బయల్దేరాలి అని.

"ఆయనకి చెప్పారా?"

"చెబుతాను. ఎక్కడికని అడిగితే అదీ చెబుతాను. వాడు నన్ను అడగకపోతే, తర్వాత నిన్నడిగినా నువ్వు మాత్రం చెప్పకు."

జులై 22

మేడమ్ ఒక పూట సెలవిచ్చారు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను.

కదిలే మెట్ల దగ్గర అత్తయ్య ఆగిపోయారు. వెనక జనం. "నేను మామూలు మెట్లెక్కుతాను" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని "ఒకటీ, రెండూ, కాలు పెట్టండి" అంటే కళ్ళు మూసుకుని పెట్టేశారు. పైకి వెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

"పైన ఎలా ఉంటుంది? చెవులు నొప్పెడతాయటగా" అని అడిగారు.

"నాకు తెలియదు అత్తయ్యా. నేనెప్పుడూ ఎక్కలేదు."

"మరి నాకెలా అమ్మావు?"

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులైంది ఆవిడతో కలిసి నవ్వి.

లోపలికి వెళ్ళే ముందు చెప్పారు. "నిన్న వాడికి చెప్పాను. ఊరెళ్తున్నాను, బట్టలు సర్దుకున్నాను అని. పేపరు తిప్పాడు. పొద్దున మళ్ళీ చెప్పాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు."

గాజు తలుపు అవతల ఆవిడ బ్యాగు ఎత్తి బెల్టు మీద పెట్టి, ఎవరో చెప్పినట్టల్లా చేతులు చాచి నిలబడ్డారు. అంత చిన్న మనిషని నాకు ఇంతవరకూ తెలియదు. వెనక్కి తిరిగి చూస్తారేమో అని నిలబడ్డాను. చూడలేదు. గబగబా నడిచి వెళ్ళిపోయారు, ఎవరో పిలుస్తున్నట్టు.

జులై 25

ఆయన ఫోన్ చేశారు.

ఆఫీసు నంబరుకి. సీనియర్ తీసి, ఎవరో మీకోసం అని ఇచ్చింది.

"అమ్మ ఎక్కడ?"

ఫిబ్రవరి తర్వాత "వెళ్ళు" అన్నది మొదటి మాట, ఇది రెండోది. నేనెన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో. బస్సులో, స్నానాల గదిలో, కింద పరుపు మీద. ఒక్కటీ గుర్తు రాలేదు.

"అత్తయ్య క్షేమంగా ఉన్నారు" అన్నాను.

"ఎక్కడని అడిగాను."

"అది ఆవిడనే అడగండి."

"ఫోన్ తీయడం లేదు."

రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి మేడమ్ వైపు చూశాను. విన్నట్టున్నారు. "ప్రయాణం చేసినవాళ్ళు చెప్పమంటేనే మనం చెబుతాం. కొడుకైనా, మొగుడైనా" అన్నారు ఫైలు చూస్తూనే.

అదే మాట ఆయనకి చెప్పాను. నా గొంతు సీనియర్ గొంతులా వినిపించింది నాకే. అవతల ఏమీ లేదు. ఆయన ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత పెట్టేశారు.

నేను ఎలా ఉన్నానని అడగలేదు. కంగారులో మర్చిపోయి ఉంటారు.

కాదు. మర్చిపోలేదు.

జులై 30, మంగళవారం

వచ్చారు.

మేడమ్ బ్యాంకుకి వెళ్ళారు. ఆయన్ని సీనియర్ ఎన్నడూ చూడలేదు కదా. కుర్చీ చూపించి, మంచినీళ్ళు పెట్టి, "ఎక్కడికి సార్? ఎంతమంది?" అంది. ఆయన మాట్లాడలేదు. "దేశంలోనా, బయటికా?" అంది. దానికీ మాట్లాడలేదు. నా వైపు వేలు చూపించారు. అప్పుడు ఆ పిల్లకి అర్థమై, కుర్చీతో సహా నా బల్ల వైపు జరిగింది. ధైర్యానికన్నమాట.

చిక్కిపోయారు. చొక్కా ఇస్త్రీ లేదు. చూడగానే లేచి వెళ్ళి కాలరు సరిచేయాలనిపించింది. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

"ఇంటికి ఎప్పుడొస్తావు?" అన్నారు.

ఈ ఒక్క మాట కోసం ఇన్నాళ్ళూ. నిజంగా ఇదే మాట. ఇదే గొంతుతో అడుగుతారనుకున్నాను, ఇలాగే తల కొంచెం వంచి.

"అత్తయ్య వెళ్ళిపోయారని అడుగుతున్నారా?"

సమాధానం లేదు.

"ఇంట్లో ఎవరూ లేరని అడుగుతున్నారా, నేను లేనని అడుగుతున్నారా? చెప్పండి. ఏదైనా ఫర్వాలేదు. కానీ చెప్పండి."

గోడ మీద పటం చూశారు. ఇంతకు ముందైతే ఆ ఖాళీని నేనే నింపేదాన్ని. మీరు అలసిపోయారు, టీ తాగుతారా, పోనీలెండి, తప్పు నాదే. ఈసారి నింపలేదు. ఊరికే కూర్చున్నాను. మందుల షాపులో ఎవరో చిల్లర గురించి మాట్లాడుతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. ఆయన మంచినీళ్ళ గ్లాసు అటు తిప్పారు, ఇటు తిప్పారు. నోరు తెరవబోయారు కూడా ఒకసారి. నేను ముందుకి వంగాను. పెదాలు మళ్ళీ మూసుకున్నాయి.

అప్పుడు మొదటిసారి ఆయన మీద జాలేసింది. ఆయనకి మాటలు రావనుకుంటాను. కోపం కాదు. నిజంగానే రావు. కానీ రాని మాటల కోసం నేనింక కూర్చోలేను.

తలుపు తీసుకుని ఒక జంట లోపలికి వచ్చారు. "నాకు పని ఉంది" అన్నాను. ఆయన లేచారు. కుర్చీ మళ్ళీ సరిగ్గా పెట్టి మరీ వెళ్ళారు. ఆయన మంచితనం అలాంటిదే.

ఆ జంట వెళ్ళాక సీనియర్ మెల్లగా, "మీరన్నది నిజమే, మాట్లాడరు" అంది.

జులై 31

పనికి వెళ్ళలేదు. ఒళ్ళు నొప్పులని చెప్పాను. అక్క పక్కన కూర్చుని తల నిమిరింది. "వచ్చాడటగా" అంది. ఎలా తెలిసిందో. "ఊఁ" అన్నాను.

ఆగస్టు 5

అత్తయ్య ఫోన్. ఆఫీసు పని మీదే చేశారు. గాలి హోరులో గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఆ వచ్చే టికెట్ తీసేయమ్మా. నేను రావడం లేదు. మా చెల్లెలూ నేనూ పొద్దున లేచిన దగ్గర్నుంచి పోట్లాడుకుంటున్నాం, ఎంత బాగుందో."

"అప్పుడే ఎందుకు, ఇంకా టైముంది కదా అత్తయ్యా."

"నువ్వు తీసిన టికెట్ అది, నేనడిగింది కాదు. ఆరోజు నీ మొహం చూసి కాదనలేకపోయాను."

నేను మాట్లాడలేదు. ఆవిడా కాసేపు మాట్లాడలేదు. కానీ ఆయన మౌనంలా లేదది. ఆవిడ అక్కడే ఉన్నారని తెలుస్తోంది.

"వాడికి నిన్న ఫోన్ చేసి చెప్పాను, ఎక్కడున్నానో. ఇక నిన్ను అడగడు. చేశావా రద్దు?"

"చేస్తున్నా." నొక్కాను. రద్దు చేయమంటారా అని కంప్యూటర్ మళ్ళీ అడిగింది తెర మీద. ప్రతిసారీ అడుగుతుంది. అవునని నొక్కాను.

"అయిపోయింది అత్తయ్యా."

"సరే. తిన్నావా?" అన్నారు.

ఆగస్టు 19

వాన. ప్రయాణాలన్నీ వాయిదాలు. రోజంతా తారీఖులు మార్చడమే. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంకేం లేదు రాయడానికి.

ఆగస్టు 31

మేడమ్ పిలిచి "సోమవారం నుంచి మామూలుగా రా" అన్నారు. మామూలుగా అంటే ఏమిటో అర్థంకాక నిలబడ్డాను. "జీతానికి" అన్నారు. సంతోషించాలి. సంతోషంగానే ఉంది, కానీ ముందు నిద్రొచ్చింది. బస్సులో సీటు దొరికితే నిద్రపోయి రెండు స్టాపులు దాటిపోయాను.

సెప్టెంబరు 1, ఆదివారం

బావ టీవీ ఆయన చూసుకోవాలి. పిల్ల గది పిల్లకి కావాలి. అక్క వద్దంటూనే నాతో బయల్దేరింది, అద్దె గది చూడటానికి.

కుట్టు మిషన్ల షాపు పైన, వెనక వైపు. ఒక గది, పక్కనే వంటకి చిన్న చోటు. గోడకి కొత్తగా సున్నం వేశారు, అంటుకుంటోంది. కిటికీ తీస్తే పక్కింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు. ఇంటావిడ తలుపు దగ్గరే నిలబడి ప్రశ్నలు వేసింది. ఎంతమంది ఉంటారు అంది.

"ఒక్కదాన్నే."

"మీ ఆయన?"

"ఇక్కడ ఉండరు."

"వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఉంటారా? ముందే చెప్పండి, తర్వాత మాటలొద్దు."

అక్క నా వైపు చూసింది, ఏదో ఒకటి చెప్పి గండం గట్టెక్కించమన్నట్టు. నేను ఆలోచించి ఉన్నదే చెప్పాను.

"మా అత్తగారు వస్తారండి, అప్పుడప్పుడు."

"మొగుడు లేకుండా అత్తగారా?"

"అవునండి. వస్తే కొన్నాళ్ళుంటారు. కొంచెం ఎక్కువ మాట్లాడతారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పక్కకి తప్పుకుని, నీళ్ళు ఏ వేళకొస్తాయో చెప్పడం మొదలుపెట్టింది.